తీసేసిన కొండ

రాజమండ్రిలో గోకవరం బస్టాండు వెనక సందులో చంద్రరావుగారి ఫ్లెక్సీల షాపు ఉంది. సాయిదుర్గ అక్కడ పదేళ్ళ పైబడి డిజైనరుగా పనిచేస్తోంది. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ ఫ్లెక్సీ ఎవరైనా చేస్తారు గానీ, పోయినవాళ్ళ ఫ్లెక్సీ మాత్రం సాయిదుర్గే చెయ్యాలని ఆ చుట్టుపక్కల పేరు. ఆ పేరు ఆవిడకి మంచుకొండల వల్ల వచ్చింది.

మొదట్లో అందరిలాగే ఆవిడా పోయినవాళ్ళ బొమ్మ వెనక మబ్బులు, రెండు పావురాలు, పక్కన దీపం పెట్టేది. చంద్రరావుగారి నాన్నగారు కాలం చేసినప్పుడు, ఓనరుగారి తండ్రి కదా, కాస్త కొత్తగా చేద్దామని ఇంటర్నెట్టులో హిమాలయాల ఫొటో ఒకటి వెతికి పట్టుకుంది. పొద్దుటి ఎండ పడి శిఖరం బంగారంలా ఉంది. కింద సగం నీలం నీడ. లుంగీ పైకి మడిచి కట్టుకుని రోజంతా షాపు ముందు బీడీ కాల్చుకునే పెద్దాయన, ఆ కొండ ముందు నిలబెట్టేసరికి కైలాసం నుంచి దిగొచ్చినట్టున్నాడు. పెద్దకార్యానికి వచ్చినవాళ్ళు భోజనాలు మానుకుని ఆ ఫ్లెక్సీ ముందు నిలబడిపోయారు. ఆ తరవాత వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట. "చంద్రరావుగారి నాన్నగారికి పెట్టిన కొండే మావాళ్ళకీ పెట్టండి." చర్చివాళ్ళు కూడా అదే అడిగేవాళ్ళు. వాళ్ళకి శిఖరం వెనక వెలుగు కొంచెం ఎక్కువ పెట్టేది.

చేస్తూ చేస్తూ సాయిదుర్గకే ఒక్కోసారి వింతగా అనిపించేది. జన్మంతా వరిచేలూ కాలవగట్లూ తప్ప ఎరగని మనిషిని, పోయాక తీసుకెళ్ళి మంచులో నిలబెడితే ఇంటిల్లిపాదికీ అంత తృప్తేంటి? ప్రింటింగ్ మిషను దగ్గర పనిచేసే డేనియల్‌ని అడిగింది ఒకరోజు.

"ఎత్తుగా ఉంటది కదండి, చల్లగా ఉంటది, ఎవరూ ఉండరు," అన్నాడు డేనియల్. "మనవాళ్ళు అలాంటి చోటుకెళ్ళారనుకుంటే మనకీ స్థిమితంగా ఉంటదండి."

నిజమే కామోసు అనుకుంది. ఆవిడ మట్టుకు ఎక్కిన కొండల్లో పెద్దది అన్నవరం. అదీ బస్సులో.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం గంగాధర్ అనే ఆటోడ్రైవరు షాపులోకి వచ్చాడు. గోకవరం దాటాక నిర్వాసితుల కాలనీలో ఉంటాడట. మావగారు చిట్టియ్య ముందురోజు పోయాడు. రేగులగొంది వాళ్ళది, గోదావరి ఒడ్డున, పాపికొండలకి వెళ్ళే దారిలో ఉండేది ఆ ఊరు. ప్రాజెక్టు నీళ్ళు ఎక్కాక ఊరు ఊరంతా కాలనీకి వచ్చేశారు. గంగాధర్ జేబులోంచి మావగారి ఫోనే తీసి ఇచ్చాడు. స్క్రీను మీద బీటలు, వెనక రబ్బరు బ్యాండు.

"ఇందులో ఒక్కటే బాగున్న ఫొటో ఉంది మేడంగారూ. మిగతావన్నీ మసగ్గా ఉన్నాయి."

సాయిదుర్గ కేబుల్ పెట్టి ఫొటో కంప్యూటర్లోకి తీసుకుంది. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, భుజం మీద కండువా, ఎవరో ఏదో అంటే నవ్వబోతున్నట్టు ఒక పక్కకి తిరిగి ఉన్నాడు. గుమ్మం ముందు తీసిందే. వెనకాల దండెం మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. ఒక బోర్లించిన బకెట్, ఎవరిదో ఆడమనిషిది సగం భుజం, ఆ వెనక ఏదో కొండ.

"వెనకాల ఆ చెత్తంతా తీసేసి మీ మంచుకొండ పెట్టెయ్యండి," అన్నాడు గంగాధర్. "మా కాలనీలో అందరూ అదే అన్నారు. సాయిదుర్గగారి కొండ పెట్టించరా అని."

ఆవిడకి ముచ్చటేసింది. ఆ మాట విన్నాక ఇంకాస్త శ్రద్ధగా చేసింది కూడా. చిట్టియ్యకి జుట్టు ఒత్తుగా, చింపిరిగా ఉంది. జుట్టు అంచులు కత్తిరించినట్టు కనపడకుండా వెనకది తియ్యటంలోనే ఉంది పనితనమంతా. ఫొటోని పెద్దది చేసుకుని, ఒక్కో వెంట్రుక దగ్గరా ఆగి ఆగి చేసింది. తువ్వాళ్ళు పోయాయి, బకెట్ పోయింది, భుజం పోయింది, కొండ పోయింది. వాటి చోట బంగారు శిఖరం వచ్చింది. ఫ్లెక్సీ ప్రింటవుతుంటే గంగాధర్ కళ్ళు తుడుచుకున్నాడు.

"మా మావయ్య దేవుడిలా ఉన్నాడండి. స్టేటస్ పెట్టుకుంటాం, ఇది ఫోన్లో కూడా వెయ్యండి."

వేసింది. రెండు ఫొటోలకీ ఒకటే పేరు ఉండటంతో, పాతదాని చోట కొత్తది పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. రోజుకి అలాంటివి ఎన్నో అడుగుతుంది. సాయిదుర్గ పక్కన ఇంకెవరితోనో మాట్లాడుతూ సరేనని నొక్కేసింది.

పెద్దకార్యం అయిన కొన్నాళ్ళకి ఒక పెద్దావిడ షాపు మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. షాపులోకి చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో ఆ బీటలు పడ్డ ఫోను చూసి సాయిదుర్గ గుర్తుపట్టింది.

"చిట్టియ్యగారి ఇంటావిడాండి? కూర్చోండి పెద్దమ్మగారూ."

"పాపాయమ్మంటారమ్మా నన్ను." కూర్చోలేదు ఆవిడ. "మా అల్లుడు చెప్పాడు, మీరే చేశారంట. బాగుందమ్మా. అందరూ బాగుందన్నారు. నేను దాని గురించి రాలేదు."

"చెప్పండి."

"మీరు తీసేసిన కొండ ఉంటుంది కదా. అది ఉంటే ఇచ్చేస్తారని వచ్చాను."

టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్క అడిగినట్టు అడిగింది. సాయిదుర్గకి నవ్వు రాబోయి ఆగిపోయింది. పాపాయమ్మ మొహంలో వేళాకోళం ఏమీ లేదు. కత్తిరించింది ఎక్కడో ఒకచోట ఉంటుందన్న నమ్మకం తప్ప.

"పాత ఫొటో మీ ఫోన్లో ఉంటుంది కదండి."

"లేదమ్మా. మా అల్లుడూ చూశాడు, పిల్లలూ చూశారు. మసగ్గా ఉన్నవాటిలో కొండ పడలేదు. ఆ ఒక్కదాన్లో మీ కొండే ఉంది."

సాయిదుర్గ ఫోను తీసుకుని చూసింది. ఫొటో చోట బంగారు శిఖరం. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, కంప్యూటర్ అడగటం, తను నొక్కటం.  షాపు కంప్యూటర్లో ఉంటుందేమోనని వెతికింది. నెల తిరగ్గానే అయిపోయిన పనులన్నీ చెరిపెయ్యమని చంద్రరావుగారే చెప్తారు, లేకపోతే కంప్యూటర్ నిండిపోతుంది. మొన్ననే చెరిపేశారు.

చెప్పాల్సింది అప్పుడే. పోయిందండి, నా వల్లే పోయింది, అని చెప్పేస్తే సరిపోయేది. నోరు తెరిచి సాయిదుర్గ అన్నది వేరు.

"వెతకాలండి. పాతవి వేరేచోట దాస్తాం. ఫోను ఇక్కడ ఉంచి, వచ్చే వారం ఓసారి రండి."

"అలాగేనమ్మా," అని పాపాయమ్మ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వారానికి మళ్ళీ వచ్చింది. కాలనీ నుంచి గోకవరానికి ఆటో, అక్కడినుంచి రాజమండ్రికి బస్సు. వచ్చిన ప్రతిసారీ నీరసంగా ఉండేది. సాయిదుర్గ మంచినీళ్ళిచ్చి, ఇంకా చూస్తున్నామండి అనేది. ఈ మధ్యలో ఊరికే కూర్చోలేదు, కాకినాడలో పోయిన ఫొటోలు వెనక్కి తెచ్చేవాళ్ళు ఉన్నారంటే ఆదివారం ఆ ఫోనూ, షాపు డిస్కూ పట్టుకుని వెళ్ళింది. పెళ్ళి ఫొటోలు వచ్చాయి, నాయకుల పుట్టినరోజు బ్యానర్లు వచ్చాయి. చిట్టియ్య రాలేదు. దానిమీద కొత్త ఫొటోలు ఎక్కించేశారండి, ఇక రాదు, అన్నాడు ఆ కాకినాడ షాపతను. ఆ సంగతి తెలిశాక కూడా పాపాయమ్మ ఇంకోసారి వచ్చింది. ఆ సారి కూడా సాయిదుర్గ చెప్పలేకపోయింది. మెట్లు దిగుతూ ఆవిడ గోడ పట్టుకోవటం చూసి, ఇక ఉండబట్టలేక వెనకాలే సందులోకి వెళ్ళింది.

"పెద్దమ్మగారూ, ఆ ఫొటో లేదండి. నేనే పోగొట్టాను. మొదటిరోజే తెలుసు నాకు. చెప్పలేక తిప్పాను మిమ్మల్ని."

పాపాయమ్మ వెనక్కి తిరిగి ఆవిడ వంక చూసింది. తిడుతుందనే అనుకుంది సాయిదుర్గ, తిడితే బాగుండుననీ అనుకుంది.

"పోన్లెమ్మా," అంది పాపాయమ్మ. "కావాలని చేస్తారా ఎవరైనా." నాలుగడుగులు వేసి ఆగింది. "నాకు వేరే ఏం లేదు. కళ్ళు మూసుకుంటే ఆయన మా గుమ్మంలో కనపడేవాడు. వెనకాల మా కొండ ఉండేది. ఇప్పుడు మూసుకుంటే మీ మంచుకొండే వస్తోంది. ఆ ఫ్లెక్సీ మా ఇంటెదురు స్తంభానికే కట్టారు, రోజూ చూసి చూసి అదే పట్టేసింది. మాది ఎలా ఉండేదో ఓసారి చూసుకుంటే మళ్ళీ సర్దుకుంటుందేమోనని."

ఆ రాత్రంతా సాయిదుర్గ ఆ కొండని గుర్తుతెచ్చుకోవాలని చూసింది. దండెం మీద ఒక తువ్వాలు పచ్చది, ఒకటి గళ్ళది, అది గుర్తుంది. బకెట్టుకి పిడి లేదు, అదీ గుర్తుంది. చిట్టియ్య చెవి పక్కన తెల్లవెంట్రుకలు పాయగా లేచి ఉండటం గీసి చూపించగలదు. అంతసేపు ఆ ఫొటోలో తల దూర్చి కూర్చుంది గదా, కొండ ఒంటి మూపుదా, రెండు మూపులదా, పచ్చగా ఉందా, రాళ్ళు తేలి ఉందా అంటే ఏమీ తెలియదు. తియ్యాల్సిందని తప్ప దాన్ని చూడలేదు ఆవిడ.

మర్నాడు సెలవు పెట్టి కాలనీకి వెళ్ళింది. ఒకేలాంటి ఇళ్ళు వరసగా, చుట్టూ జీడితోటలు. చిట్టియ్య ఫ్లెక్సీ ఇంకా స్తంభానికి ఉంది. ఎండకి వెలిసి బంగారు శిఖరం పసుపురంగులోకి తిరిగింది. గంగాధర్ పక్కింటి లాజరు అనే పెద్దాయన్ని పిలిచి ఇలా ఇలాగని చెప్పాడు. లాజరూ రేగులగొంది మనిషే.

"మొన్న మా చుట్టమొకడు అడిగాడండి, చిట్టియ్య కాశ్మీరు ఎప్పుడెళ్ళాడని," అన్నాడు లాజరు. నవ్వేసి, సాయిదుర్గ మొహం చూసి నవ్వు ఆపాడు. "మా పిల్లల ఫోన్లలో ఉంటుంది లెండి. అందరివీ చూద్దాం."

అందరివీ చూశారు. పెళ్ళి ఫొటోలు, సమర్తాడిన పిల్లలవి, క్రిస్మస్‌వి, పోలేరమ్మ జాతరవి. మనుషులు కావలసినంతమంది ఉన్నారు. తలల పైన ఆకాశం మొదలయ్యేచోట ఫొటో ఆగిపోయింది. ఒకదాన్లో పెళ్ళికూతురి జడ పక్కన నల్లగా ఏదో ముక్క కనిపించింది, అది కొండో, పందిరి గుంజో తేలలేదు. కాలనీ చుట్టూ ఇంటింటికీ తిరిగినా రేగులగొంది కొండని పనిగట్టుకుని ఫొటో తీసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఉన్నదాన్ని ఎవరు తీసుకుంటారండి?" అంది గంగాధర్ భార్య. "లేచి చూస్తే అదే, పడుకునేముందు చూసినా అదే."

సాయిదుర్గ తన ఫోన్లో పాపికొండలని కొట్టి చూపించింది. వేలకి వేలు ఫొటోలు వచ్చాయి. పొగమంచు, మలుపు, రెండు కొండల మధ్య గోదావరి, పడవ ముందు నిలబడి చేతులు చాచిన జంటలు. అందరూ ఒకే మలుపు దగ్గర తీసినవే. అన్నిసార్లు అన్ని వేలమంది వాళ్ళ ఊరి ముందునుంచే వెళ్ళారు గానీ ఎవరూ అక్కడ ఫోను పైకెత్తలేదు. "ఇవి ముందుకెళ్ళాక వస్తాయండి," అన్నాడు లాజరు. "మాది పేరున్న కొండ కాదు."

ఎలా ఉండేదో చెప్పండి, గీయిస్తాను అంది సాయిదుర్గ. బోర్లించిన గంపలా ఉండేదన్నాడు లాజరు, అందుకే గంపకొండ అనేవాళ్ళమన్నాడు. గంప కాదు మావయ్యా, పక్కన చిన్న మూపు ఇంకోటుంది గదా, అన్నాడు గంగాధర్. అది వెనక కొండది, మనది కాదు. మనదే. ఇద్దరూ వాదులాడుకున్నారు. ఇంకో ముగ్గురు వచ్చి చేరారు. ఏపుగా ఉన్న టేకుచెట్లు ఎడంవైపున్నాయని ఒకరు, కుడివైపని ఒకరు. ఊరు విడిచి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే ఒక్కొక్కరి కొండ ఒక్కోలా ఉంది. పాపాయమ్మ గుమ్మంలో కూర్చుని అందరి మాటలూ విన్నది. మీరు చెప్పండి పెద్దమ్మగారూ అంటే, తల అడ్డంగా ఊపింది.

"ఇందాకటిదాకా నాకు తెలుసనుకున్నాను," అంది.

కాలనీకి ఉత్తరంగా, జీడితోటల పైన, దూరాన కొండలు వరసగా కనిపిస్తున్నాయి. సాయిదుర్గ చూపు అటు వెళ్ళటం పాపాయమ్మ గమనించింది. "అవి వేరేవాళ్ళవమ్మా," అంది.

అప్పుడొచ్చింది సాయిదుర్గకి ఆలోచన. ఊరు మునిగింది గానీ కొండ మునగలేదు కదా. టూరిజం పడవలు దాని ముందునుంచే వెళ్తాయి. వెళ్ళి ఫొటో తీసుకువస్తే సరిపోతుంది. అది చెప్పేసరికి గంగాధర్ కూడా ఉషారయ్యాడు. పాపాయమ్మ మాత్రం రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. ఊరు వదిలాక ఆవిడ మళ్ళీ అటువైపు వెళ్ళలేదు. రెండురోజుల తరవాత గంగాధర్ ఫోను చేశాడు. "అత్తయ్య వస్తానంటోంది మేడంగారూ. మీరుంటే వస్తానంటోంది."

కార్తీకమాసం కావటంతో గండి పోచమ్మ గుడి దగ్గర రేవు జనంతో కిటకిటలాడుతోంది. బస్సులేసుకుని భీమవరం నుంచీ, తణుకు నుంచీ వచ్చినవాళ్ళు. పడవలో పైన కుర్చీలు, స్పీకర్లు, మైకు పట్టుకున్న ఒక కుర్రాడు. ఎక్కగానే ఉప్మా ఇచ్చారు. పాపాయమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. పడవ అంచు పక్క కుర్చీలో కూర్చుని, పెట్టిన ఉప్మా ఒళ్ళో పెట్టుకుని తినకుండా నీళ్ళకేసి చూస్తోంది.

సాయిదుర్గ చంద్రరావుగారి పెద్ద కెమెరా అడిగి తెచ్చుకుంది. దారిపొడుగునా కొండలే. ఇన్నేళ్ళు కంప్యూటర్లో కొండలు అతికించిన మనిషి, అంత దగ్గరగా కొండలు చూడటం అదే మొదలు. ఒక్కదానికీ బంగారురంగు లేదు. చెట్లు, మధ్యమధ్య బోడి జాగాలు, ఎక్కడో ఒక సన్నని కాలిబాట నీళ్ళలోకి దిగి ఆగిపోవటం. ఆ బాట ఎవరిదో, ఎక్కడికి దిగేదో అనిపించింది.

"వస్తోంది," అంది పాపాయమ్మ. "ఆ మలుపు తిరిగాక."

సాయిదుర్గ కెమెరా పట్టుకుని లేచింది. మైకు కుర్రాడు పాట ఆపాడు.

"మీకు కుడిచేతివైపు చూడండి. ఇక్కడ ఒకప్పుడు రేగులగొంది అనే గ్రామం ఉండేదండి. ఇప్పుడు మనం కరెక్టుగా ఆ ఊరి మీదనుంచే వెళ్తున్నాం. అందరూ ఒకసారి ఊరికి హాయ్ చెప్పండి."

పడవలో జనం చేతులెత్తి నీళ్ళలోకి హాయ్ చెప్పారు. పాపాయమ్మ చెయ్యి సగం లేచింది, లేచిన చెయ్యితో పైట సర్దుకుంది.

"పెద్దమ్మగారూ, ఏది?"

పాపాయమ్మ లేచి నిలబడింది. కళ్ళు చిట్లించి అటూ ఇటూ చూసింది. పడవ సాగిపోతోంది, చెప్పకపోతే దాటిపోతుంది. ఈలోపు వెనకనుంచి ఒకాయన వచ్చాడు, ఫోను పట్టుకుని. పక్కన భార్య, ఇద్దరు పిల్లలు.

"కొంచెం పక్కకి జరుగుతారా మామ్మగారూ, కొండ పడట్లేదు."

"ఆయ్, తీసుకోండి బాబూ," అని పాపాయమ్మ జరిగింది. వాళ్ళు నవ్వుతూ ఫొటో దిగారు. వాళ్ళ తలల మీదుగా చూస్తూ ఆవిడ చెయ్యి చాపింది. "అదేనమ్మా. ఆ ముందున్నది."

సాయిదుర్గ వరసగా తీసింది. చిన్న కొండ. పైన చెట్లు, ఒక పక్క ఒరుసుకుపోయినట్టున్న ఎర్రమట్టి. నీళ్ళ అంచున ఎండిపోయిన చెట్లు తెల్లగా, కొమ్మలు మాత్రం పైకి పెట్టుకుని ఉన్నాయి. గంపలా లేదు. రెండు మూపులూ లేవు. పడవ మలుపు తిరిగింది, మైకులో పాట మళ్ళీ మొదలయింది. కెమెరా వెనక చిన్న తెర మీద ఫొటో తెచ్చి, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టి పాపాయమ్మకి చూపించింది.

ఆవిడ చాలాసేపు చూసింది.

"పొట్టిదైపోయింది," అంది.

సాయిదుర్గకి వెంటనే అర్థం కాలేదు. పాపాయమ్మ వేలితో తెర మీద నీటి అంచు చూపించింది. "ఇంత కిందనుంచి చూసేవాళ్ళం మేము. తల పూర్తిగా పైకెత్తితే గానీ కొస కనపడేది కాదు. ఇది పైపైన ఉన్న ముక్క. నడుం దాకా నీళ్ళలో ఉంది." తెర మీంచి వేలు తీసి, "మేము చూసినచోట నిలబడటానికి ఇప్పుడు చోటు లేదు కదమ్మా," అంది.

నిజానికి అది సాయిదుర్గకి తోచవలసిన మాట. ఫొటో ఎక్కడ నిలబడి తీశామన్నదాన్ని బట్టే కదా ఉంటుంది. రోజూ చేసే పనే అయినా తోచలేదు. కొండ అక్కడే ఉంది కదా, తెచ్చిస్తే తప్పు సర్దుకుంటుందనుకుంది. చిట్టియ్య గుమ్మం ఆ నీళ్ళ అడుగున ఉంది. ఇక ఏ కెమెరా పట్టుకెళ్ళినా అక్కడినుంచి తియ్యలేదు.

"షాపుకెళ్ళాక దీన్ని కొంచెం పెద్దది చేసి, ఆయన్ని ముందు నిలబెట్టి చూస్తాను పెద్దమ్మగారూ. బాగా వస్తుందేమో."

"వద్దమ్మా." పాపాయమ్మ గబుక్కున అంది. ఆవిడ గొంతులో గాబరా వినటం సాయిదుర్గకి అదే మొదటిసారి. "దీని ముందు నిలబెట్టకండి. నీళ్ళలో ఉంటాడు."

 పాపికొండలు వచ్చాయి. పడవలో అందరూ ఒక్కసారిగా లేచి ఒకే పక్కకి చేరుకున్నారు. మైకు కుర్రాడు ఎవరు ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో చెప్తున్నాడు. సాయిదుర్గ కెమెరా సంచిలో పెట్టేసింది. తిరిగొచ్చేటప్పుడు రేగులగొంది దగ్గర పాపాయమ్మ నిద్రపోతోంది, లేకపోతే కళ్ళు మూసుకుని ఉంది. సాయిదుర్గ లేపలేదు.

గంగాధర్ ఆటోలో కాలనీకి వెళ్తున్నప్పుడు పాపాయమ్మ ఒక్కమాట అంది. "ఆ ఫొటోలో భుజం ఒకటి ఉండాలి, చూశారా మీరు?"

"చూశానండి. ఎవరిదో ఆడమనిషిది."

"నాదే. తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. నేను ఏదో అంటే ఆయన నవ్వాడు. ఏమన్నానో గుర్తులేదు."

సాయిదుర్గ క్షమించమని అప్పటికి చాలాసార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ పాపాయమ్మ పోన్లెమ్మా అనేది. మళ్ళీ అడిగితే ఆవిడ చేత ఇంకోసారి ఆ మాట అనిపించటమే.

షాపులో పని మామూలే. సాయిదుర్గ ఇప్పుడు వచ్చిన ఫొటోలన్నీ ఒక డిస్కులో విడిగా దాస్తోంది. చంద్రరావుగారు మొదట గొణిగి, తరవాత ఊరుకున్నారు. పోయినవాళ్ళ ఫొటో ఎవరైనా తెస్తే, "వెనకాల ఉన్నది ఉంచమంటారాండి?" అని అడుగుతోంది. ఫొటోలో ఉన్న రేకులషెడ్డో, చేపలచెరువు గట్టో, వరికుప్పో చూపించి, ఇది బాగుంది కదండి అంటోంది. వాళ్ళు ఆవిడకేసి వింతగా చూస్తారు. మొన్న నిడదవోలు నుంచి వచ్చినతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. "మేం ఇంతదూరం వచ్చింది ఆ మంచుకొండ కోసమేనండి. మా అన్నయ్యకి పెట్టి, మా నాన్నకి పెట్టకపోతే ఎలాగండి?" అన్నాడు. పెట్టింది. పెడుతూనే ఉంది. కాకపోతే తియ్యబోయేముందు వెనకాల ఉన్నదాన్ని ఒకసారి ఆగి చూస్తుంది. ఈ పదేళ్ళలో ఎన్ని గుమ్మాలు, ఎన్ని చెట్లు, ఎవరెవరి భుజాలు తీసి పారేసిందో ఇప్పుడు చెప్పమంటే ఒక్కటీ చెప్పలేదు.

పడవలో తీసిన ఫొటోని ఊరికే ఉంచబుద్ధి కాక, మనుషులెవరూ లేకుండా కొండ ఒక్కటే ప్రింటు తీయించి, సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు కాలనీకి తీసుకెళ్ళింది. స్తంభానికి ఫ్లెక్సీ లేదు. దాన్ని ఎవరో జీడిపిక్కలు ఆరబోసుకోవటానికి తీసుకెళ్ళారట. పాపాయమ్మ ప్రింటు రెండు చేతులతో అందుకుని చూసింది.

"బాగుందమ్మా," అంది. ఫ్లెక్సీ గురించి మొదటిసారి అన్న గొంతుతోనే అంది. మంచం కింద పెట్టెలో, చీరల కింద జాగ్రత్తగా పెట్టింది.

గోడ మీద చిట్టియ్య ఫొటో ఒకటి కొత్తగా కట్టించి పెట్టారు. ఎక్కడిదా అని సాయిదుర్గ దగ్గరికెళ్ళి చూసింది. ఆధార్ కార్డులోదాన్ని పెద్దది చేయించారు. కళ్ళు తేలవేసుకుని, నవ్వు లేకుండా, చుక్కలు చుక్కలుగా ఉన్నాడు. వెనకాల ఉత్త తెలుపు.

"ఇంతకంటే మంచిది చేసిస్తానండి. మొహం సాఫు చేసి, వెనకాల..." అంటూ ఆగిపోయింది సాయిదుర్గ.

"వద్దమ్మా, ఇలాగే ఉండనియ్యండి." పాపాయమ్మ స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. "వెనకాల ఏమీ లేకపోతేనే నాకు వీలుగా ఉంది. పొద్దున్న లేచి కాసేపు కూర్చుంటాను. ఒకరోజు దండెం కనపడుతుంది. ఒకరోజు ఏమీ కనపడదు."

"కొండ?"

పాపాయమ్మ గిన్నెలో టీపొడి వేసి, మూత పెట్టి, మంట తగ్గించింది. కాలనీ రోడ్డు మీద గంగాధర్ ఆటో ఆగిన చప్పుడయింది.

"ఇంకా రాలేదమ్మా," అంది. "పంచదార ఎంత వెయ్యమంటారు?"